రెక్క చెప్పే లెక్క



వానకాలం కోతలు అయ్యాక తెలంగాణలోని హుస్నాబాద్ చుట్టుపక్కల ఏ వడ్ల కొనుగోలు కేంద్రానికి పోయినా రెండు యంత్రాల దగ్గర జనం మూగి ఉంటారు. ఒకటి తేమ చూసే మిషను, రెండోది కాంటా. పిడికెడు వడ్లు మిషనులో పోస్తారు. అంకె 17 లోపు చూపిస్తే బస్తాలు కాంటా ఎక్కుతాయి, దాటితే కుప్ప మళ్లీ ఎండకు పరచాలి. 16.8కీ 17.4కీ తేడా కంటికి కనిపించదు, గింజను పంటి కింద కొరికి చూసే పెద్దలకు కూడా దొరకదు. అయినా ఆ అర శాతం మీదనే ఒక కుటుంబం ఇంకో రెండు రాత్రులు కుప్ప దగ్గర పండుకోవాలా, ఇంటికి పోవాలా అన్నది తేలుతుంది. కొలత అంటే ఏమిటో, కొలిచే పరికరం నిజం చెప్పడం ఎంత అవసరమో ఈ ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ ధైర్యంతోనే ఈ రోజు కొంచెం కొత్తగా వినిపించే సంగతి ఎత్తుకుంటున్నాను. గాలిమర రెక్క మీద పడే బరువునూ, ఒత్తిడినీ విండ్ టన్నెల్‌లో, అంటే గాలి సొరంగంలో, వైరు లేకుండా ఎలా కొలుస్తారు, అది మనకెందుకు అన్నది విషయం. గాలి బాగా వీచే చోట కొలత కొంచెం తప్పినా గాలిమర నడుస్తుంది. గాలి తక్కువ ఉన్న మనలాంటి చోటనే కొలత పక్కాగా ఉండాలి. అలా పక్కాగా కొలిచే పని ఈ రోజుల్లో మన జిల్లాల కాలేజీలకు అందేంత చవకైంది కాబట్టి, దాన్ని మనం చేతికి తీసుకోవాలన్నది నా వాదన.

ముందు మన గాలి సంగతి చూద్దాం. గాలిలోని శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెండింతలైతే శక్తి ఎనిమిదింతలవుతుంది, వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ మాటను జాన్ స్మీటన్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1759లోనే ప్రయోగాలు చేసి దాదాపుగా పట్టుకున్నాడు. మీటరు అడ్డుకొలత ఉన్న చిన్న గాలిమర ఒకటి ఉందనుకోండి. గంటకు 18 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 5 మీటర్లు, వీస్తుంటే ఆ రెక్కలు తిరిగే మేర గుండా పోయే మొత్తం శక్తి సుమారు 55 వాట్లు. అందులో ఎంత గొప్ప గాలిమరైనా 59.3 శాతానికి మించి పట్టలేదని జర్మన్ శాస్త్రవేత్త బెట్జ్ పేరు మీదున్న సూత్రం చెబుతుంది. చిన్న మరలు 30 శాతం పడితే అదే మెచ్చుకోవలసిన సంగతి. చేతికి వచ్చేది 16, 17 వాట్లు. అదే గాలి సెకనుకు 3 మీటర్లకు తగ్గితే మిగిలేది 3, 4 వాట్లే. ఇప్పుడు పెట్టె మీద ఒక కిలోవాట్ అని అచ్చువేసిన గాలిమరను తలచుకోండి. ఆ కిలోవాట్ సాధారణంగా సెకనుకు 11, 12 మీటర్ల గాలికి చెప్పే మాట. 5 మీటర్ల గాలిలో అదే మర 100 వాట్లు కూడా ఇవ్వదు. అచ్చువేసిన వాళ్లు అబద్ధం ఆడలేదు, మన గాలి సంగతి వాళ్లు చెప్పలేదు, అంతే.

రాష్ట్రం లెక్కలూ ఇదే చెబుతాయి. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో గాలి విద్యుత్ సామర్థ్యం 4,000 మెగావాట్లకు పైబడి ఉంటే, తెలంగాణలో 128 మెగావాట్ల దగ్గర ఆగింది. అందులోనూ ఎక్కువ భాగం వికారాబాద్ జిల్లా పరిగి దగ్గరి గుట్టల మీద ఉన్నదే. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ వేసిన అంచనాల్లో ఒక వింత ఉంది. భూమికి 100 మీటర్ల ఎత్తున తెలంగాణలో పట్టగలిగే గాలి శక్తి సుమారు 4,200 మెగావాట్లు. 120 మీటర్లకు పోతే అది దాదాపు 25,000 మెగావాట్లవుతుంది. 150 మీటర్ల ఎత్తున 54,000 దాటుతుంది. ఇరవై మీటర్లు పైకి పోగానే ఆరింతలు కావడమంటే పైన అంత గాలి కొత్తగా పుట్టిందని అర్థం కాదు. మన గాలి పనికొస్తుందా రాదా అన్న గీటు మీదనే ఉంది, కొంచెం వేగం పెరిగితే విశాలమైన నేల ఒక్కసారిగా గీటు దాటి ఇవతలికి వచ్చింది. అచ్చం 17 శాతం తేమ దగ్గర నిలబడ్డ వడ్ల కుప్పలాంటిదే ఇది. పైగా ఆ 120 మీటర్ల అంకెను చూపించి ఇంటి డాబా మీద గాలిమర పెట్టుకోమంటే నమ్మకూడదు. డాబా మహా అయితే పది మీటర్లుంటుంది. చుట్టూ తాటిచెట్లు, వేపచెట్లు, పక్కింటి పిట్టగోడ గాలిని చిలికి చిందరవందర చేస్తాయి.

ఇలా గీటు మీద ఉన్న చోట రెక్క వంపులో చిన్న మార్పు కూడా లెక్కలోకి వస్తుంది. నాలుగు డిగ్రీల మెలిక ఎక్కువైతే మెల్లని గాలికే మర కదలొచ్చు, అదే మెలిక వల్ల తిరిగేటప్పుడు శక్తి తగ్గొచ్చు. ఇది తేల్చాలంటే ఒకే వేగంతో, ఒకే దిక్కు నుంచి, కావాలన్నంత సేపు వీచే గాలి కావాలి. ఆరుబయట ఆ గాలి దొరకదు. అందుకే గాలి సొరంగం. పెద్ద ఫ్యానుతో గాలిని లాగి, తేనెపట్టులాంటి జల్లెడ గుండా పంపి సుడులు తీసేసి, మధ్య గదిలో పెట్టిన నమూనా మీదికి వదులుతారు. కల్లంలో గాలి రాకపోతే ఫ్యాను పెట్టి వడ్లు తూర్పారబట్టే వాళ్లకు ఇది వింత పనిముట్టేమీ కాదు. గట్టి గింజ దగ్గర పడుతుంది, తాలు దూరం పోతుంది, ఫ్యాను వేగం మారిస్తే కుప్ప జాగా మారుతుంది. గాలిని అదుపులో పెట్టుకుని అందులో వస్తువు ఎలా నడుచుకుంటుందో చూడడమే సొరంగం పని. 1871లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ వెన్‌హామ్ మొదటిది కట్టాడు. 1901లో రైట్ సోదరులు చెక్కపెట్టెలాంటి సొరంగంలో, రంపపు బ్లేళ్లూ సైకిలు చువ్వలూ కలిపి చేసుకున్న త్రాసుతో, రెండు వందల దాకా రెక్కల ఆకారాలను పరీక్షించారు.

వీళ్లందరికన్నా మనకు దగ్గరివాడు డెన్మార్క్‌కు చెందిన పౌల్ లా కూర్. ఆయన ఆస్కోవ్ అనే పల్లెలో, రైతుబిడ్డలు చదువుకునే పాఠశాలలో పంతులు. 1891లో అక్కడే గాలిమరతో కరెంటు తీశాడు. ఆ తర్వాత అక్కడే సొరంగం కట్టి రెక్కలను పరీక్షించి, కరెంటు తీయడానికి ఎక్కువ రెక్కలతో మెల్లగా తిరిగే పాత మరకన్నా తక్కువ రెక్కలతో వేగంగా తిరిగేది మేలని చూపించాడు. 1904 నుంచి పల్లె యువకులకు కరెంటు పనిలో శిక్షణ తరగతులు నడిపాడు. గాలిమరల విషయంలో డెన్మార్క్‌కు ఈనాడున్న పేరు వెనుక ఎన్నో కారణాలు ఉండవచ్చు. వాటిలో ఒకటి మాత్రం పట్నం ప్రయోగశాలలో పుట్టలేదు, ఒక ఊరి బడిలో పుట్టింది. మన వైపు కాలేజీల గురించి ఆలోచించినప్పుడల్లా ఆ బడిని గుర్తు చేసుకోవాలనిపిస్తుంది.

లా కూర్‌కూ రైట్ సోదరులకూ లేని చిక్కు ఒకటి ఇప్పుడుంది. విమానం రెక్క సొరంగంలో కదలకుండా నిలబడుతుంది, దానికి ఎన్ని వైర్లు తగిలించినా వెనకనుంచి బయటికి లాగొచ్చు. గాలిమర రెక్క తిరుగుతుంది. తిరిగే దానికి వైరు కడితే రెండు చుట్లకే మెలిపడి తెగిపోతుంది. కాబట్టి చాలాకాలం మరను బయటి నుంచే కొలిచారు. రెక్కలతో తిరిగే కమ్మి, అంటే షాఫ్టు, ఎంత బలంతో తిరుగుతోంది, నిమిషానికి ఎన్ని చుట్లు, జనరేటరు నుంచి ఎన్ని వాట్లు వస్తున్నాయి, ఇవీ లెక్కలు. ఇవి మొత్తం ఎంత వచ్చిందో చెబుతాయి గాని రెక్కలో ఏ చోట పని జరిగింది, ఏ చోట గాలి ఊరికే జారిపోయింది అన్నది చెప్పవు. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు పండిందో తెలిసి, ఏ మడిలో ఎండిపోయిందో తెలియకపోతే రైతు వచ్చే ఏడు ఎక్కడ మందు వేయాలి, ఎక్కడ నీరు కట్టాలి? రెక్క లోపలి సంగతి తెలియాలంటే పరికరం రెక్క మీదనే కూర్చుని దానితోపాటు తిరగాలి.

ఆ పరికరాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. స్ట్రెయిన్ గేజ్ అంటారు. గోరంత పలుచని పొర మీద ముగ్గులాగా అటూ ఇటూ మలిచిన సన్నని లోహపు గీత. దాన్ని రెక్క మొదట్లో జిగురుతో అతికిస్తారు. గాలి రెక్కను వంచినప్పుడు ఆ గీత సాగి దాని నిరోధం రవ్వంత మారుతుంది. ఆ రవ్వ ఎంతంటే, మామూలు సర్క్యూట్‌లో రెక్క పది లక్షల్లో వంద వంతులు సాగితే వచ్చే సంకేతం టార్చిలైటు సెల్లు వోల్టేజీలో దాదాపు తొమ్మిది వేలో వంతు. ఇంత నీరసమైన సంకేతాన్ని తిరిగే హబ్ నుంచి, అంటే రెక్కలన్నీ వచ్చి కలిసే నడిమి గుండ్రం నుంచి, బయటికి తేవడానికి స్లిప్ రింగులు వాడేవాళ్లు. తిరిగే కమ్మి మీద రాగి కడియాలు, వాటిని ఒరుసుకుంటూ కార్బన్ బ్రష్‌లు. మోటరు వైండింగ్ చేసే వాళ్లకు, మిక్సీ బాగుచేసే వాళ్లకు ఈ బ్రష్‌లు బాగా తెలుసు. అవి అరుగుతాయి, బొగ్గుపొడి రాలుస్తాయి, చిటపటలాడతాయి. మోటరు నడపడానికి ఆ చిటపట అడ్డం కాదు. తొమ్మిది వేలో వంతు సంకేతానికి మాత్రం అది పెద్ద జాతరలో చంటిపిల్ల గొంతు వెతకడం లాంటిది.

ఒత్తిడి కొలవడం ఇంకా కష్టం. రెక్క మీద సూది మొనంత రంధ్రాలు చేసి, సన్నని గొట్టాల గుండా ఆ ఒత్తిడిని హబ్ దగ్గరి సెన్సరుకు తెస్తారు. ఒడిసెలలో రాయి ఎలా బయటికి తన్నుకుంటుందో గొట్టంలో ఉన్న గాలి కూడా అలాగే అంచు వైపు తోసుకుంటుంది. మనం చెప్పుకున్న మీటరు గాలిమర నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే, రెక్క కొస నుంచి నడుమకు వచ్చిన గొట్టంలో ఈ విసురు వల్ల వచ్చే తేడా సుమారు 570 పాస్కల్‌లు. ఎదురుగా వచ్చే 5 మీటర్ల గాలి తాకిడి ఒత్తిడి 14 పాస్కల్‌లే. తేడా సరిచేయకపోతే కొలవాల్సినదానికి నలభై రెట్ల తప్పు అందులో దాక్కుని ఉంటుందన్నమాట. దీనికన్నా సెన్సరునే కొసకు పంపుదామా అంటే అక్కడ ప్రతి వస్తువూ తన బరువుకు రెండు వందల రెట్లు బరువెక్కుతుంది. ఐదు గ్రాముల సెన్సరు కిలో బరువుతో జిగురును లాగుతుంది. హబ్‌లో నడుమ నుంచి ఐదు సెంటీమీటర్ల దూరాన పెట్టిన 20 గ్రాముల బోర్డు కూడా 400 గ్రాముల బరువుతో ఊడిరావాలని చూస్తుంది. బోర్డునూ బ్యాటరీనీ ఎదురెదురుగా తూచి బిగించకపోతే మర మొత్తం వణుకుతుంది, ఆ వణుకు కూడా గాలి పనే అని లెక్కల్లో రాసుకుంటాం.

ఇక్కడే వైర్‌లెస్ అడుగుపెడుతుంది. సంకేతాన్ని హబ్‌లోనే పెద్దది చేసి, అక్కడికక్కడే అంకెగా మార్చి, ఆ అంకెను రేడియో అలల మీద బయటికి పంపడం దాని పద్ధతి. అంకెగా మారిన తర్వాత దారిలో చిటపట ఎంత ఉన్నా 417 అన్న అంకె 418గా మారదు. వస్తే సరిగ్గా వస్తుంది, చెడితే చెడిందని తెలిసిపోయి పక్కన పడుతుంది. మన తెలుగు నేల మీద ఈ విద్య పాతదే. శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్టుకు వైరు కట్టలేరు కదా, లోపలి వేడి, ఒత్తిడి, వణుకు అన్నీ రేడియోలోనే కిందికి వస్తాయి. ఆ అంతరిక్ష కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీష్ ధావన్ బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ధ్వనిని మించిన వేగాల గాలి సొరంగాలకు పునాది వేసినవారే. ఒకప్పుడు రాకెట్లకే తగిన ఖరీదులో ఉన్న ఈ పని ఇప్పుడు కిరాణా కొట్టు దాకా దిగింది. కూరగాయల కాంటా అడుగున ఉన్నదీ ఇదే స్ట్రెయిన్ గేజ్. చవక కాంటాల్లో దాని సంకేతాన్ని అంకెగా మార్చే హెచ్‌ఎక్స్ 711 లాంటి చిప్పు, వైఫై పంపే ఈఎస్‌పీ 32 లాంటి చిప్పు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. వాడే 2.4 గిగాహెర్ట్జ్ అలలకు లైసెన్సు కూడా అక్కర్లేదు.

చవకదంతా పనికొస్తుందని చెప్పడం లేదు. కాంటా చిప్పు సెకనుకు 80 సార్లే చదవగలదు. సెకనుకు పది చుట్లు తిరిగే మరకు అది చుట్టుకు ఎనిమిది చూపులు, ఒక చూపుకూ ఇంకో చూపుకూ మధ్య రెక్క 45 డిగ్రీలు జరిగిపోతుంది. స్తంభం ముందు నుంచి రెక్క పోయేటప్పుడు క్షణకాలం గాలి అడ్డుపడి బలం పడిపోతుంది, ఆ పడిపోవడం రెండు చూపుల మధ్యలో దాటిపోతుంది. సెకనుకు వెయ్యి సార్లు చదివే చిప్పు వాడితే చుట్టుకు వంద చూపులు వస్తాయి. అలా నాలుగు గేజ్‌ల అంకెలు ఒకేసారి పంపినా వాట్సాప్ వీడియో కాల్‌కు పట్టేదానికన్నా తక్కువ డేటానే. కాబట్టి ఏ చిప్పు ఏ పనికి అన్నది తెలిసి ఎంచుకోవాలి, తెలుసుకోవడం విద్యార్థి పని, నేర్పడం కాలేజీ పని.

వైర్‌లెస్‌ను నమ్మగలమా అని అడిగే ఇంజనీర్లున్నారు. వాళ్ల అనుమానంలో పస ఉంది. సొరంగం గోడలు రేకువైతే అలలు అటూ ఇటూ తగిలి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. చుట్టూ ఉన్న విద్యార్థుల జేబుల్లోని ఫోన్లన్నీ అవే అలల మీద మాట్లాడతాయి. అంకెలను మోసే పొట్లాల్లో, అంటే డేటా ప్యాకెట్లలో, కొన్ని దారిలో పోతాయి, కొన్ని ఆలస్యంగా వస్తాయి. పది మిల్లీసెకన్ల ఆలస్యమంటే మన మర 36 డిగ్రీలు తిరిగిపోయినట్టు. కంప్యూటరుకు చేరిన సమయాన్ని కొలిచిన సమయమని రాసుకుంటే రెక్క పైనున్నప్పటి బలాన్ని పక్కకు తిరిగినప్పటి బలంగా లెక్కేస్తాం. దీనికి విరుగుడు ఉంది. ఉత్తరం ఎప్పుడు చేరిందన్నది కాకుండా ఏ తారీఖున రాశారన్నది చూసినట్టు, కొలిచిన క్షణాన్ని హబ్‌లోనే అంకె పక్కన రాసి పంపాలి. స్తంభానికి ఒక అయస్కాంతం అతికిస్తే, హబ్‌లోని చిన్న సెన్సరు ప్రతి చుట్టుకూ ఒకసారి దాన్ని గుర్తుపడుతుంది, రెక్క ఎక్కడుందో తేలిపోతుంది. పొట్లాలకు వరుస సంఖ్యలు వేస్తే ఎన్ని పోయాయో లెక్క దొరుకుతుంది. హబ్‌లోనే మెమరీ కార్డులో ఒక నకలు పెట్టుకుంటే పోయినవి కూడా మర ఆగాక తిరిగొస్తాయి. స్లిప్ రింగు చెడగొట్టిన సంకేతం చెడిందని చెప్పదు, మంచి సంకేతం వేషం వేసుకునే వస్తుంది. వైర్‌లెస్‌లో పోయినది పోయిందని తెలుస్తుంది. కొనుగోలు కేంద్రంలో ఏ మిషను మేలంటే, నడవనప్పుడు నడవడం లేదని చెప్పేదే మేలని ఎవరైనా అంటారు.

ఇంత కష్టం ఎందుకు, కంప్యూటరులోనే లెక్క కట్టొచ్చు కదా అన్నది ఈ తరం అడిగే ప్రశ్న. దీనికి జవాబు 2000 సంవత్సరంలో అమెరికాలో దొరికింది. అక్కడి జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల పది మీటర్ల అడ్డుకొలత, రెండు రెక్కలు ఉన్న గాలిమరను కాలిఫోర్నియాలో నాసా ఏమ్స్ కేంద్రానికి తీసుకుపోయింది. అక్కడి సొరంగం గది 24 మీటర్ల ఎత్తు, 36 మీటర్ల వెడల్పు. రెక్క పొడవునా ఐదు చోట్ల, ఒక్కో చోట 22 రంధ్రాలు చేసి ఒత్తిడి కొలిచారు. సంకేతాలను తిరిగే భాగంలోనే అంకెలుగా మార్చి బయటికి తెచ్చారు. కొలతలు బయటపెట్టకముందే 18 సంస్థల నిపుణులను పిలిచి, మీ మీ కంప్యూటరు పద్ధతులతో ఈ మర ఎంత శక్తి ఇస్తుందో చెప్పమన్నారు. గాలి నిలకడగా, ఎదురుగా, మెల్లగా వీచే అన్నిటికన్నా తేలికైన పరిస్థితిలో కూడా వాళ్ల జవాబులు కొలిచినదానిలో 25 శాతం నుంచి 175 శాతం దాకా చెదిరిపోయాయి. వేగం పెరిగి రెక్క మీద గాలి విడిపోయే దశలో 30 శాతం నుంచి 275 శాతం దాకా పోయాయి. తిరిగే రెక్క మొదట్లో గాలి విడిపోవడం ఆలస్యమవుతుంది, నిలబెట్టిన రెక్క మీద కొలిచిన అంకెలను నమ్ముకున్న పద్ధతులు దాన్ని సరిగ్గా పట్టలేకపోయాయి. ఆ పరీక్ష తర్వాత పద్ధతులు బాగుపడ్డాయి. బాగుపడింది ఆ కొలతల పక్కన పెట్టి చూసుకోవడం వల్లనే. 2006లో యూరప్ శాస్త్రవేత్తలు నెదర్లాండ్స్‌లోని పెద్ద సొరంగంలో నాలుగున్నర మీటర్ల మరను 148 ఒత్తిడి సెన్సర్లతో పరీక్షించిందీ ఇందుకే. కంప్యూటరు లెక్క అక్కర్లేదని ఎవరూ అనరు. చేతిలో కొలత లేకుండా కంప్యూటరు లెక్క ఒక్కటే ఉంటే, 25 చెప్పినవాడు మనవాడో 175 చెప్పినవాడు మనవాడో తెలుసుకునే దారి లేదు.

ఇంకో అభ్యంతరం నన్ను కొంచెం ఆలోచింపజేసింది. సొరంగంలో నమూనా చిన్నది, బయట మర పెద్దది, చిన్నదానిమీద కొలిచింది పెద్దదానికి ఎలా చెల్లుతుంది అని. నిజమే, చెల్లదు. పెద్ద మర రెక్క చుట్టూ గాలి ప్రవాహాన్ని తెలిపే రేనాల్డ్స్ సంఖ్య యాభై లక్షలు దాటుతుంది, మీటరు మరకు అది లక్షకు అటూ ఇటూ. లక్ష దగ్గర గాలి రెక్కను ఒకచోట వదిలి, బుడగలా ఉబ్బి, మళ్లీ వచ్చి అతుక్కోవడం లాంటి వింతలు చేస్తుంది. పరిగి గుట్టల మీది రెండు మెగావాట్ల మర గురించి చిన్న సొరంగం చెప్పగలిగింది తక్కువ. కాని మన ప్రశ్న చిన్న మర గురించే. మీటరు మరను అదే సైజులో సొరంగంలో పెట్టగలిగితే నమూనాకూ అసలుకూ తేడానే ఉండదు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 14 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు సొరంగం ఉంది. మీటరు మర అందులో పదో వంతుకన్నా తక్కువ మేరనే అడ్డుకుంటుంది, ఆ మాత్రానికి దిద్దుబాటు సూత్రాలున్నాయి. మన కాలేజీల్లో కట్టగలిగే రెండడుగుల సొరంగంలో మీటరు మర పట్టదు, అక్కడ రెక్క ముక్కలనూ చిన్న హబ్‌లనూ పరీక్షించి, పనికొస్తుందనుకున్నదాన్ని పెద్ద సొరంగానికి పంపాలి. నిలకడ గాలికీ హుస్నాబాద్ డాబా మీది చిందరవందర గాలికీ తేడా ఉందన్నది కూడా ఒప్పుకోవాలి. అందుకే అదే హబ్, అదే వైర్‌లెస్ బోర్డుతో మరను బయటికి తెచ్చి స్తంభం మీద పెట్టొచ్చు. సొరంగంలో నేర్చుకున్న భాషలోనే బయట కూడా రెక్క మాట్లాడుతుంది. వైర్లూ రింగులూ అయితే ఈ మార్పు ఇంత తేలిగ్గా జరగదు.

చివరిగా, ఇంత ఎండ ఉన్న చోట గాలి గొడవ ఎందుకని అడిగేవాళ్లున్నారు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. బొగ్గు పుట్టిన గోదావరి తీరానే సోలార్ చవకగా వస్తోంది. సోలార్ ముందు చిన్న గాలిమర ఖరీదుకు నిలబడదన్న మాట చాలాచోట్ల నిజం. యాసంగిలో మోటర్లు జోరుగా నడిచే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన గాలికి ఊపు ఉండదు కూడా. మృగశిర దాటి ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో మబ్బు కమ్మి సోలార్ మందగించిన రోజుల్లోనే గాలి గట్టిగా వీస్తుంది. ఆ మబ్బు రోజుల కోసం సోలార్ పక్కన చిన్న గాలిమర పెట్టడం గిట్టుబాటు అవుతుందా? కొన్నిచోట్ల అవ్వొచ్చు, చాలాచోట్ల కాకపోవచ్చు. కాదన్న జవాబు వచ్చినా అది వ్యర్థం కాదు. రేపు ఎవరైనా రంగుల కాగితం పట్టుకుని మా గాలిమర మీ పొలంలో కిలోవాట్ ఇస్తుందని ఊరూరా తిరిగితే, అది 90 వాట్లే ఇస్తుందని కొలత చూపించి చెప్పగలిగిన వాళ్లు జిల్లాలో ఉండాలి. అప్పు తెచ్చి బోరు వేసి నీళ్లు పడక దెబ్బతిన్న కుటుంబాలు ఈ నేల మీద ఎన్ని ఉన్నాయో శ్రోతలకు తెలుసు. కొలవకుండా పెట్టుబడి పెట్టడం ఎంత బాధ పెడుతుందో ఆ ఇళ్లలో కనిపిస్తుంది. మళ్లీ గాలి పేరు మీద ఆ బాధ రాకూడదు.

ఈ పని చేయగలిగిన చేతులు మన దగ్గరున్నాయి. వరంగల్‌లో నిట్ 1959 నుంచి ఉంది. కొండగట్టు దగ్గర, మంథని దగ్గర జేఎన్టీయూ కాలేజీలున్నాయి. శాతవాహన విశ్వవిద్యాలయం కింద హుస్నాబాద్‌కే ఇంజనీరింగ్ కాలేజీ మంజూరైంది. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టు కింద కొనుక్కొచ్చిన బొమ్మ మోటరుకు దీపం తగిలించి చూపే బదులు, ఒక తిరిగే హబ్‌కు వైర్‌లెస్ కొలత అమర్చి చూపితే అందులో మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ చదువులన్నీ కలిసొస్తాయి. ఫ్యాను కట్టడానికి మోటరు మెకానిక్, గది బిగించడానికి వెల్డరు, రెక్క చెక్కడానికి వడ్రంగి, గేజ్ సరిచూడడానికి కాంటాలు బాగుచేసే మనిషి, వీళ్లంతా హుస్నాబాద్ బజారులోనే దొరుకుతారు. ఆ కాంటా మనిషిని కాలేజీకి పిలిచి పిల్లల ముందు నిలబెట్టాలని నా గట్టి కోరిక, ఎందుకంటే అతనికి తెలిసిన ఒక అలవాటు పాఠాల్లో తరచు జారిపోతుంది. మర తిప్పకముందు రెక్కను అడ్డంగా నిలిపి కొసకు దారంతో వంద గ్రాముల తూకపు రాయి వేలాడదీయాలి, అంకె రాసుకోవాలి, తర్వాత రెండు వందలు, తర్వాత అర కిలో. పరీక్ష అయ్యాక, హబ్ వేడెక్కి, బ్యాటరీ దిగి, జిగురు అలసిపోయాక, అవే రాళ్లు అదే వరుసలో మళ్లీ వేలాడదీయాలి. మొదటి అంకెలూ చివరి అంకెలూ ఒకే పుటలో పక్కపక్కన రాయాలి. రెండూ కలిస్తే మధ్యలో వచ్చిన లెక్కను గడప దాటించొచ్చు. కలవకపోతే ఆ రోజు పరీక్షను కొట్టేసి, గేజ్ ఊడదీసి, రెక్కను తుడిచి, కొత్త జిగురుతో మళ్లీ మొదలుపెట్టాలి.